సొంత కుంపటి, వేరు కుంపటి

తొంభైల్లో మన పట్నాల్లో పెరిగినవాళ్లకు ఒక డబ్బా గుర్తుండే ఉంటుంది. టీవీ వెనక యాంటెన్నా తీగ పీకి దాని తీగ తగిలిస్తే చాలు, మారియో గెంతేవాడు. కాంట్రాలో ఇద్దరు సైనికులు అడ్డొచ్చినవాణ్నల్లా కాల్చుకుంటూ పోయేవాళ్లు. క్యాసెట్ పట్టకపోతే నోటితో ఊది మళ్లీ గుచ్చేవాళ్లం. ఆ డబ్బాలు చాలావరకు జపాన్ నింటెండో యంత్రానికి నకళ్లు. అసలు నింటెండోలో లెక్కలు చేసే చిప్‌ను రికో కంపెనీ చేసింది కానీ, దాని నడుమ ఉన్న ముక్క 1975లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టిన 6502. అంతకు ముందే, ఎనభైల మధ్యలో, మన ప్రభుత్వం 'క్లాస్' పథకం కింద కొన్ని బళ్లకు పంచిన బీబీసీ మైక్రో కంప్యూటర్లలోనూ పనిచేసింది ఇదే చిప్. పేరు తెలియకుండానే దానితో మనకు చిన్నప్పటి పరిచయం ఉందన్నమాట.

ఆ 6502ను చేసిన సంస్థ పేరు మోస్ టెక్నాలజీ. 1976లో దాన్ని కమొడోర్ అనే కాలిక్యులేటర్ల కంపెనీ కొనేసింది. కొన్న ఆరేళ్లకు ఆ రెండూ కలిసి చేసిన యంత్రం కమొడోర్ 64. ఒకే మోడల్‌గా అత్యధికంగా అమ్ముడుపోయిన కంప్యూటర్‌గా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది అదే. ఎన్ని అమ్ముడయ్యాయన్న లెక్క 1.25 కోట్ల నుంచి 1.7 కోట్ల దాకా రకరకాలుగా చెబుతారు.

కంప్యూటర్లు చేసే కంపెనీ చిప్‌ల కంపెనీని కొనుక్కుని, ఇసుక నుంచి అట్టపెట్టె దాకా అన్నీ ఇంట్లోనే చేసుకుంటే కలిసొస్తుందా? మేనేజ్‌మెంట్ చదువుల్లో దీన్ని వర్టికల్ ఇంటిగ్రేషన్ అంటారు. లాభనష్టాల పట్టికల్లో జవాబు వెతికేవాళ్లు వెతకనీండి. నాకైతే కమొడోర్ 64 మూత విప్పి ఆ బోర్డు మీద వెతకడమే ఇష్టం. కొనుగోలు ఎక్కడ ఫలించిందో, ఎక్కడ బెడిసిందో చిప్‌ల మీదే కనబడుతుంది.

ముందు కొన్నవాడి సంగతి. జాక్ ట్రమెల్ పోలండ్‌లోని వుజ్ పట్నంలో 1928లో పుట్టిన యూదుడు. ఆష్‌విట్జ్ నుంచి ప్రాణాలతో బయటపడి, 1947లో అమెరికా చేరి, న్యూయార్క్‌లో టైప్‌రైటర్లు బాగుచేసి బతికాడు. తర్వాత కెనడాలో టైప్‌రైటర్ల కంపెనీ పెట్టాడు, అక్కడి నుంచి కాలిక్యులేటర్లలోకి వచ్చాడు. కమొడోర్ కాలిక్యులేటర్లలోని చిప్‌లు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ నుంచి వచ్చేవి. డెబ్భైల్లో ఆ టెక్సస్ కంపెనీయే సొంత కాలిక్యులేటర్లతో బజారులోకి దిగింది. కమొడోర్ విడిభాగాలకు పెట్టే ఖర్చు కన్నా తక్కువకే పూర్తి కాలిక్యులేటర్‌ను అమ్మింది. పాలు పోసేవాడే పక్కన టీకొట్టు పెట్టి, మన పాల ఖర్చు కన్నా తక్కువకు టీ అమ్మితే ఏం చేస్తాం? ట్రమెల్ గేదెను కొన్నాడు. మోస్ టెక్నాలజీ కొనుగోలు వెనక భవిష్యత్ దర్శనం ఏమీ లేదు, కాలిన చెయ్యి ఉంది. అయితే గేదెతో పాటు దొడ్లో ఏం కట్టేసి ఉందో ఆయనకు అప్పటికి పూర్తిగా తెలిసినట్టు లేదు.

దొడ్లో ఉన్నది 6502. చక్ పెడిల్ అనే ఇంజినీరు, మరికొందరు మోటరోలా వదిలి 1974లో మోస్‌కు వచ్చారు. అప్పట్లో ఇంటెల్, మోటరోలా ప్రాసెసర్లు విడిగా ఒకటి కొనాలంటే వందల డాలర్లు. పెడిల్ బృందం 1975 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో వెస్కాన్ ప్రదర్శనకు వెళ్లి 6502ను 25 డాలర్లకు అమ్మింది. ప్రదర్శనశాలలో అమ్మకాలు కుదరవంటే దగ్గర్లోని హోటల్ గదిలో దుకాణం తెరిచారు. గాజు సీసా నిండా చిప్‌లు పోసి పెట్టారనీ, అడుగున ఉన్నవి పనికిరానివనీ, సరుకు దండిగా ఉందని చూపించడానికే ఆ ఎత్తు వేశారనీ పెడిల్ తర్వాత చెప్పుకున్నాడు. అక్కడ కొన్నవాళ్లలో స్టీవ్ వోజ్నియాక్ ఒకడు. ఆపిల్ మొదటి కంప్యూటర్ దానితోనే తయారైంది.

25 డాలర్లకు ఎలా కిట్టింది? పనితనం వల్ల. 6502లో ట్రాన్సిస్టర్లు సుమారు 3,500. అక్కర్లేనిది ఒక్కటీ పెట్టలేదు. చిప్ నమూనాను పెద్ద కాగితాల మీద చేత్తో గీశారు. ఆ గీతల్లో బిల్ మెన్ష్ చెయ్యి ప్రధానం. చిప్ ఎంత చిన్నదైతే ఒక సిలికాన్ పళ్లెంలో అన్ని ఎక్కువ పడతాయి, చెడిపోయేవీ అంత తగ్గుతాయి. దానికి తోడు మోస్ ఫ్యాక్టరీకి ఒక కిటుకు తెలుసు. చిప్ నమూనాను అచ్చువేసే మాస్క్‌లో తప్పు దొర్లితే మిగతా కంపెనీలు ఆ తప్పుతోనే కాపురం చేసేవి. వీళ్లు తయారైన మాస్క్‌ను కూడా దిద్దుకోగలిగేవాళ్లు. అందుకే వీళ్ల పళ్లెంలో మంచి చిప్‌లు ఎక్కువ తేలేవి. గీసేవాడి పొదుపు, కాల్చేవాడి నేర్పు ఒకే కప్పు కింద కలిసిన ధర ఆ 25 డాలర్లు.

కమొడోర్ ఆ చిప్‌తో 1977లో పెట్ అనే కంప్యూటరు తెచ్చింది, తర్వాత విక్-20 తెచ్చింది. ఈ రెండో దాని కథ గమ్మత్తైనది. ఆల్ షార్పెంటియర్ అనే ఇంజినీరు బొమ్మలు గీసే చిప్ ఒకటి చేస్తే బయట ఎవరూ కొనలేదు. ఎవరూ కొనని చిప్ చుట్టూ కమొడోరే ఒక కంప్యూటర్ కట్టి 300 డాలర్లకు అమ్మింది. పది లక్షలు దాటి అమ్ముడైన మొదటి కంప్యూటర్ అదే. ఇంట్లో మిగిలిన పిండితో పుణుకులు వేసి బజారు గెలవడం లాంటిది.

అసలు వంట 1981లో మొదలైంది. షార్పెంటియర్, ఆయన పైఅధికారి చార్ల్స్ వింటర్‌బుల్, బాబ్ యానెస్ అనే కుర్ర ఇంజినీరు, ఇంకొందరు కలిసి కొత్త ఆటల యంత్రం కోసమని రెండు చిప్‌లు మొదలుపెట్టారు. ఒకటి బొమ్మలకు, రెండోది శబ్దానికి. ముందు బజారులో ఉన్న యంత్రాలన్నీ తెచ్చి చూశారు. టెక్సస్ వాళ్ల కంప్యూటర్‌లో తెర మీద స్వేచ్ఛగా కదిలే చిన్న బొమ్మలున్నాయి, వాటిని స్ప్రైట్లు అంటారు. ఆ ఊహను మొహమాటం లేకుండా తీసుకున్నారు. నవంబరుకల్లా చిప్‌లు పనిచేశాయి. అప్పుడు ట్రమెల్, ఆటల యంత్రం వద్దు, 64 కిలోబైట్ల మెమరీతో కంప్యూటరే చేయండి, జనవరిలో లాస్‌వేగస్ ప్రదర్శనలో పెడదాం అన్నాడు. చేతిలో ఉన్నది ఆరు వారాలు. ఆ రోజుల్లో 64 కిలోబైట్ల మెమరీ ఖరీదే వంద డాలర్లు దాటేది. యంత్రం ఫ్యాక్టరీ నుంచి బయటపడేలోపు ఆ ధర పడిపోతుందని ట్రమెల్ పందెం కాశాడు, పందెం నెగ్గాడు. కొత్త పెట్టెకు అచ్చులు పోయించే టైము లేక విక్-20 పెట్టెలోనే బోర్డు ఇరికించారు. ప్రదర్శనలో ధర 595 డాలర్లని చూసి, ఇది మీకెలా కిట్టుబాటు అని పోటీ కంపెనీలవాళ్లు వచ్చి అడిగారట. ఒక్కో యంత్రానికి అయిన ఖర్చు 135 డాలర్ల దరిదాపుల్లోనే. కీలకమైన చిప్‌లు లాభం కలపని ధరకు పక్క భవనం నుంచే వచ్చేవి.

కానీ చవక ఒక్కటే అయితే నేను ఈ వ్యాసం రాయను.

ఈ యంత్రంలో మెమరీ ఒక్కటే. ప్రాసెసర్‌కూ అదే, బొమ్మల చిప్ విక్-2కూ అదే. ఇద్దరూ ఒకేసారి చెయ్యి పెడితే గందరగోళం. 6502 స్వభావంలో ఒక వీలుంది. సెకనుకు సుమారు పది లక్షలసార్లు కొట్టుకునే దాని గుండె ప్రతి చప్పుడులోనూ రెండో సగంలోనే మెమరీని తాకుతుంది, మొదటి సగంలో దాన్ని ముట్టదు. ఆ ఖాళీ సగాన్ని విక్-2కు ఇచ్చేశారు. గిలక బావికి రెండు చేదలు కట్టినట్టు, ఒకటి పైకొస్తుంటే ఇంకోటి దిగుతుంది, రెండూ గుద్దుకోవు. ఈ ఉపాయం వీళ్లు కనిపెట్టింది కాదు, వోజ్నియాక్ తన ఆపిల్-2లో అప్పటికే వాడాడు. కానీ వోజ్నియాక్ బయట కొన్న చిప్‌తో సర్దుకున్నాడు. వీళ్లు చిప్‌నే మార్చుకున్నారు.

మార్చిన ప్రాసెసర్ పేరు 6510. బొమ్మల చిప్ ఒక తీగ మీద సైగ చేస్తే 6510 చిరునామా తీగల మీద నుంచి చేతులు తీసేస్తుంది. ఈ ఒక్క మర్యాద దానికి నేర్పడం కోసం ప్రాసెసర్‌నే తిరగరాశారు. బయటి నుంచి కొనేవాడైతే ఆ పనికి బోర్డు మీద అదనపు చిప్‌లు అతికించుకోవాల్సి వచ్చేది. అదే 6510లో ఆరు తీగల చిన్న రేవు (పోర్ట్) కూడా పెట్టారు. ప్రాసెసర్ చూడగలిగే చిరునామాలు మొత్తం 64 కిలోబైట్లే, అవన్నీ మెమరీకే సరిపోయాయి. బేసిక్ భాష, మిగతా శాశ్వత ప్రోగ్రాములు ఇంకో 20 కిలోబైట్లున్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలి? రెండింటినీ ఒకే చిరునామాల్లో పెట్టి, రేవు తీగలతో ఎప్పుడు ఏది కనబడాలో మార్చుకునే ఏర్పాటు చేశారు. ఒంటిగది కాపురంలో పగలు వంటా రాత్రి పడకా ఆ గదే అయినట్టు.

తెర మీద అక్షరాలు గీసేటప్పుడు మాత్రం ఆ సగం వాటా విక్-2కు చాలదు. ప్రతి ఎనిమిదో గీతకు ఒకసారి, ఆ వరసలో ఏ అక్షరాలున్నాయో చదువుకోవడానికి అది ప్రాసెసర్‌ను ఆపేస్తుంది. గీతకు ఉన్న అరవై పైచిలుకు చప్పుళ్లలో నలభైకి పైగా పోతాయి. ప్రోగ్రాములు రాసేవాళ్లు వీటిని బ్యాడ్ లైన్లు అని తిట్టుకున్నారు. తర్వాత తిట్టడం మాని లెక్కపెట్టడం నేర్చుకున్నారు. టీవీలో బొమ్మ గీసే కిరణం తెర మీద ఏ గీత దగ్గర ఉందో విక్-2 చెబుతుంది కాబట్టి, గీత గీతకూ రంగు మార్చారు. ఎనిమిది స్ప్రైట్లనే పైన ఒకసారి, కింద ఒకసారి వాడి ఎనిమిదికి మించి చూపించారు. సరిగ్గా ఒక గీత దగ్గర చిప్‌ను తికమక పెట్టి, బొమ్మలే రాకూడని అంచు పట్టీలో కూడా బొమ్మలు తెప్పించారు. చేసినవాళ్లు ఊహించని పనులు ఆ చిప్ చేసింది. స్ప్రైట్ అంటే 24 చుక్కల వెడల్పు, 21 చుక్కల ఎత్తు ఉన్న బొమ్మ. చిప్ వైశాల్యంలో ముప్పావు వంతు ఈ ఎనిమిది బొమ్మలకే పోయింది. గుమాస్తా లెక్కల కంప్యూటర్‌కు ఇదంతా అక్కర్లేదు. పిల్లవాడి చేతిలోని యంత్రానికి కావాలి. ఎక్కడ పొదుపు చేయాలో తెలిసినవాళ్లకు ఎక్కడ ఖర్చు పెట్టాలో కూడా తెలుసు.

ఇక శబ్దపు చిప్ సిడ్. నా మనసు దోచింది ఇదే.

బాబ్ యానెస్‌కు సింథసైజర్ల పిచ్చి. అప్పటి కంప్యూటర్లలోని శబ్దపు చిప్‌లు సంగీతం తెలియనివాళ్లు చేసినవని ఆయన నమ్మకం. అవి చాలావరకు బీప్‌మనేవి, ఢాం అనేవి, అంతే. యానెస్ చేసిన సిడ్‌లో మూడు గొంతులున్నాయి. ప్రతి గొంతుకూ నాలుగు రకాల నాదాలు. స్వరం ఎలా లేవాలి, ఎంత తగ్గాలి, ఎక్కడ నిలవాలి, ఎలా చల్లారాలి అనే నాలుగు మలుపులనూ విడివిడిగా తిప్పుకోవచ్చు. వీణ మీటుకూ వేణువు ఊపిరికీ తేడా ఈ మలుపుల్లోనే ఉంటుంది. మూడూ కలిసి ఒక ఫిల్టర్ గుండా పోతాయి, అది స్వరాన్ని మందంగానో పదునుగానో మారుస్తుంది. ఇదంతా ఐదు నెలల పని. ఇంకా ఎక్కువ గొంతులు పెట్టాలని యానెస్‌కు ఉంది. టైము లేక ఒక గొంతు గీసి దాన్నే మూడుసార్లు దింపేశాడు.

ఫిల్టర్ బాగా కుదరలేదని యానెసే ఒప్పుకున్నాడు. అంకెలతో కాకుండా విద్యుత్తు హెచ్చుతగ్గులతో పనిచేసే ముక్క అది. అలాంటివి చేయడానికి ఆ ఫ్యాక్టరీ పద్ధతి అనువైనది కాదు. దాంతో ఏ రెండు సిడ్‌లూ ఒక్కలా పలకవు. రాబ్ హబ్బర్డ్, మార్టిన్ గాల్వే లాంటి సంగీతకారులు ఆటల కోసం కట్టిన పాటలను ఇద్దరి ఇళ్లలో వింటే రెండు రకాలుగా ఉండేవి. ఇంకో లోపం కూడా ఉంది. శబ్దం పెంచే తగ్గించే మీట తిప్పినప్పుడల్లా చిప్ టక్కుమనేది. ఎవరో ఆ టక్కుటక్కులను చాలా వేగంగా తెప్పిస్తే అవే కలిసి మనిషి గొంతులా, డ్రమ్ములా వినబడతాయని కనిపెట్టారు. మూడు గొంతుల చిప్‌కు దొంగతనంగా నాలుగో గొంతు వచ్చింది.

ఈ పనంతటి వెనకా ఒక అంకె ఉంది. చిప్ గీయడం పూర్తయ్యాక అది సిలికాన్ మీద అచ్చయి చేతికి రావడానికి మామూలుగా కొన్ని వారాలు. అత్యవసరమైతే మోస్ సొంత ఫ్యాక్టరీ నాలుగు రోజుల్లో ఇవ్వగలిగేది. హైదరాబాద్‌లో, బెంగళూరులో చిప్ డిజైన్ చేసేవాళ్లకు ఈ అంకె బరువు తెలుస్తుంది. వాళ్లు టేప్ అవుట్ అయ్యాక, అంటే నమూనా ఫ్యాక్టరీకి పంపాక, నెలల తరబడి సిలికాన్ కోసం ఎదురుచూస్తారు. నాలుగు రోజులంటే తప్పు చేయడానికి ధైర్యం వస్తుంది. గీసి చూసి, తప్పైతే దిద్ది మళ్లీ కాల్చవచ్చు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వే ఆడవాళ్లే దాన్ని వడుకుతారు కూడా. ఎంత దువ్వితే ఎంత సన్నని పోగు దిగుతుందో ఆ వేళ్లకు అప్పటికప్పుడే తెలుస్తుంది. ట్రమెల్ 1976లో కొన్న అసలు సరుకు ఆ దగ్గరతనం. చిప్‌కు మిగిలిన కొద్ది డాలర్లు దాని మీద కొసరు.

ఇక్కడో అడ్డు ప్రశ్న. కాలిక్యులేటర్ల నాటి శత్రువు టెక్సస్‌కూ సొంత చిప్ ఫ్యాక్టరీలున్నాయి కదా? కమొడోర్ కన్నా ఎన్నో రెట్లు పెద్దవి. దాని కంప్యూటర్ 99/4ఏలోనూ ప్రాసెసర్, బొమ్మల చిప్ రెండూ సొంతవే. మరి ఆ బోర్డు చూస్తే జాలేస్తుంది. ప్రాసెసర్ 16 బిట్ల పహిల్వాన్. కానీ అతను నేరుగా అందుకోగలిగిన మెమరీ 256 బైట్లు. మిగతా 16 కిలోబైట్లు బొమ్మల చిప్ వెనక ఉన్నాయి, కావాలన్నప్పుడల్లా దాని కిటికీ దగ్గర నిలబడి బైటు బైటుగా అడుక్కోవాలి. కంపెనీలో వేర్వేరు విభాగాలు వేర్వేరు అవసరాలకు చేసిన చిప్‌లను ఒక పెట్టెలో కూర్చోబెట్టారు. ఒకదాని కోసం ఇంకొకటి మారలేదు. ఇద్దరికీ సొంత కుంపటి ఉంది, ఒకరి నగ మెడకు అమరింది, ఇంకొకరిది గుచ్చుకుంది. కమొడోర్ 1983లో 64 ధరను 200 డాలర్ల దరికి దించింది. టెక్సస్ తన యంత్రాన్ని వంద డాలర్లకు కూడా అమ్మింది, నష్టం తట్టుకోలేక ఆ అక్టోబరులో ఇంటి కంప్యూటర్ల వ్యాపారమే మానేసింది. పాత బాకీ వడ్డీతో సహా తీరింది. 1984 జూన్‌తో ముగిసిన ఏడాదిలో కమొడోర్ అమ్మకాలు 100 కోట్ల డాలర్లు దాటాయి.

పొగడ్తల్లో పడి మచ్చలు దాచను. కమొడోర్ 64 తొలి యంత్రాల్లో తెర మీద మెరుపు చుక్కలు రాలేవి. ఫ్లాపీ డ్రైవ్ సంగతి మరీ ఘోరం. 1541 అనే ఆ డ్రైవ్‌లో దానికంటూ ఒక 6502 ఉంది, అంటే అది మరో కంప్యూటరే. అయినా సెకనుకు మూడు నాలుగు వందల బైట్లకు మించి పంపలేకపోయేది. ఒక ఆట ఎక్కేలోపు కాఫీ పెట్టుకుని తాగేయవచ్చు. కారణం 6522 అనే చిప్‌లోని ఒక లోపం. ఆ చిప్ కూడా సొంతదే! విక్-20 రోజుల్లో ఆ లోపాన్ని తప్పించుకోవడానికి వేసిన నెమ్మది దారినే 64 కూడా వారసత్వంగా మోసింది. సొంత కుంపటి ఉంటే సొంత మసి కూడా ఉంటుంది. బయటివాడి చిప్ అయితే తిట్టి ఇంకొకరి దగ్గర కొనవచ్చు. ఇంటివాడి తప్పును ఇంట్లోవాళ్లే సర్దుకుపోతారు.

అసలు దెబ్బ ఇది కాదు. కమొడోర్ 64 బజారులోకి రావడంతోనే దాన్ని చేసినవాళ్లు వెళ్లిపోయారు. యానెస్, షార్పెంటియర్, వింటర్‌బుల్ బయటికి నడిచి వేరు కుంపటి పెట్టుకున్నారు. కొద్ది కాలంలో ఆ కంపెనీ ఎన్సోనిక్ అయింది, మోస్ ఫ్యాక్టరీకి ఎంతో దూరం కాని మాల్వర్న్‌లో. అక్కడ యానెస్ తన తీరని కోరిక తీర్చుకున్నాడు. కొత్త చిప్‌లో మూడు కాదు, 32 గొంతులు. దానితో 1984లో మిరాజ్ అనే వాద్యం చేసి, వేల డాలర్ల వాద్యాలతో పోలిస్తే ఎంతో తక్కువకు అమ్మారు. ఆ చిప్ 1986లో ఒక కంప్యూటర్‌లోకి కూడా ఎక్కింది. కమొడోర్‌లోకి కాదు, ఆపిల్-2జీఎస్‌లోకి. ఆ ఆపిల్‌లో ప్రాసెసర్ ఎవరిది? 6502ను చేత్తో గీసి, కమొడోర్ మోస్‌ను కొన్నాక బయటపడి, అరిజోనాలో తన కంపెనీ పెట్టుకున్న బిల్ మెన్ష్‌ది. కమొడోర్ కొన్న ఇంటి నుంచి విడివిడిగా వెళ్లిపోయిన రెండు చేతులు పదేళ్లకు పోటీదారుడి బోర్డు మీద పక్కపక్కన కూర్చున్నాయి. కొనుగోలు దస్తావేజుల్లో భవనం రాసుకోవచ్చు, యంత్రాలు రాసుకోవచ్చు. చేతులను రాసుకునే గడి ఏ దస్తావేజులోనూ లేదు.

ట్రమెల్ కూడా 1984 జనవరిలో పెట్టుబడిదారు ఇర్వింగ్ గౌల్డ్‌తో చెడి వెళ్లిపోయాడు. అదే వేసవిలో అటారీ ఇంటి కంప్యూటర్ల వ్యాపారం కొని కమొడోర్‌కే ఎదురు నిలిచాడు. కమొడోర్ మళ్లీ కొనుగోలు బాట పట్టి కాలిఫోర్నియాలోని చిన్న సంస్థ అమిగాను తెచ్చుకుంది. ఆ సంస్థ అటారీ దగ్గర తీసుకున్న ఐదు లక్షల డాలర్ల అప్పు తీర్చేసి మరీ బయటపడింది. జే మైనర్ బృందం చేసిన అమిగా చిప్‌ల మీద ఇంకో వ్యాసం రాయవచ్చు. యాగ్నస్, డెనిస్, పౌలా అని పేర్లు పెట్టుకున్నారు వాటికి. అమిగా 1000 మూత లోపలి వైపు బృందమంతా సంతకాలు చేసింది, మైనర్ పెంపుడు కుక్క పాదముద్రతో సహా. చిప్‌లు మోస్ కుంపటిలోనే కాలాయి. ఈ కొనుగోలూ ఫలించిందనే అనాలి, కొంతకాలం.

తర్వాత కుంపటిలో బొగ్గు వేయడం మానేశారు. చిప్ ఫ్యాక్టరీకి కొన్నేళ్లకోసారి కొత్త యంత్రాలు, కొత్త పద్ధతులు కావాలి. ప్రపంచం సీమాస్ అనే కొత్త తయారీ పద్ధతికి మారిపోతే పెన్సిల్వేనియా ఫ్యాక్టరీ పాత ఎన్‌మాస్ దగ్గరే నిలబడింది. 1992లో అమిగా 1200 తెచ్చేసరికి దాని బొమ్మల చిప్‌ను హ్యూలెట్ ప్యాకర్డ్ ఫ్యాక్టరీలో చేయించుకోవాల్సి వచ్చింది. సొంత మగ్గం ఇంట్లో ఉండగా బట్ట బయట నేయించుకున్నట్టు. 1994 ఏప్రిల్‌లో కమొడోర్ దివాలా తీసింది. ఫ్యాక్టరీ నేలలోకి 1974లోనే ఒక భూగర్భ ట్యాంకు నుంచి రసాయనం కారింది. 1989లో అమెరికా ప్రభుత్వం ఆ స్థలాన్ని విషపూరిత స్థలాల జాబితాలో చేర్చింది. కొన్నప్పుడు భవనంతో పాటు ఆ కారిన రసాయనమూ వచ్చింది.

చేతులను పట్టుకోవడం కుదిరిన కొనుగోళ్లు కూడా ఉన్నాయి. ఒకటి చెప్పి వదిలేస్తాను. డిజిటల్ కంపెనీలో ఆల్ఫా, స్ట్రాంగ్‌ఆర్మ్ ప్రాసెసర్లు చేసిన డాన్ డాబర్‌పూల్, డిజిటల్‌ను కాంపాక్, కాంపాక్‌ను హెచ్‌పీ మింగేస్తున్న రోజుల్లో బయటికొచ్చి సొంత సంస్థలు పెట్టుకున్నాడు. వాటిలో రెండోదైన పీఏ సెమీని 2008లో ఆపిల్ 27.8 కోట్ల డాలర్లకు కొంది. వాళ్ల చిప్‌లను ఆపిల్ తన యంత్రాల్లో వాడుకోలేదు, మనుషులను వాడుకుంది. ఫ్యాక్టరీ మాత్రం కొనలేదు, కాల్చే పని తైవాన్‌లో టీఎస్‌ఎంసీకి వదిలేసింది. 2020 నవంబరులో వచ్చిన ఎమ్-1 చిప్‌లో 1,600 కోట్ల ట్రాన్సిస్టర్లున్నాయి. ప్రాసెసర్‌కూ బొమ్మల భాగానికీ మెమరీ మాత్రం ఒక్కటే. కమొడోర్ 64 మూత విప్పి చూసినవాళ్లకు ఆ బావి కొత్తగా అనిపించదు.

సిడ్ దగ్గరికి మళ్లీ వస్తాను. ఎనభైల చివర్లో కమొడోర్ ఆ చిప్‌ను దిద్ది 8580 అనే కొత్త రకం తెచ్చింది. ఫిల్టర్ బాగుపడింది, ఏ రెండు చిప్‌లూ ఒక్కలా పలకవన్న గోల తగ్గింది, టక్కుమనడం దాదాపు పోయింది. దాంతో ఆ టక్కుల మీద కట్టిన పాటల్లో డ్రమ్ములు, మనిషి గొంతులు వినీ వినబడనట్టు అయిపోయాయి. ఇప్పటికీ ఆ కొత్త బోర్డులున్నవాళ్లు కొందరు మూత విప్పి, చిప్‌కు బయటి శబ్దం వచ్చే కాలికీ నేల తీగకూ మధ్య ఒక చిన్న రెసిస్టర్ సోల్డర్ చేసుకుంటారు, ఆ పాత లోపం మళ్లీ రావడానికి.